సుదూర గెలాక్సీల రేడియో సర్వేలు
ఆకాశంలో చిన్న భాగాన్ని ఎంచుకుని, రేడియో టెలిస్కోపుతో గంటల తరబడి గమనించి, మసకైన సుదూర గెలాక్సీలను నమోదు చేసే పద్ధతి. అంతరిక్షంలోని ధూళి కాంతిని అడ్డుకుంటుంది గానీ రేడియో తరంగాలను ఆపలేదు. ధూళి చాటున పుట్టే నక్షత్రాల లెక్క అందుకే ఇక్కడ మెరుగ్గా తేలుతుంది. ప్రకాశవంతమైన రేడియో గెలాక్సీలకు శక్తి భారీ కృష్ణబిలాలది. రేడియో ప్రకాశం సుమారు 100 మైక్రోజాన్‌స్కీల (రేడియో ప్రకాశపు కొలమానం) కిందికి దిగితే నక్షత్రాలు పుట్టే మామూలు గెలాక్సీలదే పైచేయి. పేలిన నక్షత్రాల ధాటికి వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రాల్లో తిరుగుతూ ఈ తరంగాలను వెదజల్లుతాయి.

ఎక్కువగా శోధించిన భాగాల్లో కాస్మోస్ ఒకటి. చైత్రమాసంలో రాత్రి తొమ్మిదింటికి ఆంధ్రప్రదేశ్‌లోని కోరుకొండ నుంచి చూస్తే అది మఖ నక్షత్రానికి దక్షిణాన, ఇంచుమించు నడినెత్తిన ఉంటుంది. కంటికి మాత్రం ఖాళీ ఆకాశమే. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపు 384 గంటలు గమనించగా అక్కడ 10,830 రేడియో మూలాలు దొరికాయి (2017).

భారతదేశంలో ఈ పని పుణె దగ్గర ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుది. 45 మీటర్ల వ్యాసమున్న 30 డిష్‌లు సుమారు 25 కిలోమీటర్ల మేర విస్తరించి ఉంటాయి. నక్షత్రాలకు ముడిసరుకు హైడ్రోజన్; సుదూర గెలాక్సీ ఒక్కదాని హైడ్రోజన్ సంకేతం మామూలుగా దానికీ అందదు. అందుకని 7,653 గెలాక్సీల సంకేతాలను కలిపి సగటు తీశారు (2020). దాదాపు 800 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీల్లో హైడ్రోజన్ పుష్కలంగానే ఉంది గానీ, నక్షత్రాలు పుట్టే జోరుకు ఒకటి రెండు వందల కోట్ల ఏళ్లకు మించి సరిపోదని తేలింది.