బంటు ఏనుగైన కథ

తొమ్మిదో తరగతిలో మా లెక్కల మాస్టారు నల్లబల్ల మూలన చదరంగం గడులు గీసి, కింద 'చెరపరాదు' అని రాశారు. తెల్ల రాజు బి6లో, తెల్ల బంటు సి6లో. నల్ల రాజు ఏ1 మూలన, నల్ల ఏనుగు డి5లో. ఎత్తు తెల్లది, గెలవాలి.

ఆ పటం చరిత్ర చాలా ఏళ్లకుగానీ నాకు తెలియలేదు. 1875లో ఫెంటన్, పాటర్ అనే ఇద్దరు ఆడిన ఆట డ్రాగా ముగిసింది. ఆ ముగింపును గుర్తుచేసుకుని బార్బియర్ అనే ఆయన 1895లో 'గ్లాస్గో వీక్లీ సిటిజన్' పత్రికలో, తన చదరంగం శీర్షికలో ఇలాంటి పటమే వేశారు. డ్రా తప్ప దారి లేదని తేల్చారు. (మాస్టారు గీసింది తర్వాతి పుస్తకాల్లోని రూపం. కీలకం మాత్రం అదే.)

బంటు సి7కి జరగగానే ఏనుగు డి6 నుంచి చెక్ చెబుతుంది. రాజు సి5కి వెళ్లాడా, ఏనుగు డి1కి దిగుతుంది. బంటు మంత్రి కాగానే సి1 నుంచి చెక్ చెప్పి ఆ మంత్రిని కొట్టేస్తుంది. అందుకని రాజు బి5, బి4, బి3 మీదుగా మెట్లు దిగినట్టు దిగి సి2 చేరాలి. అప్పుడు ఏనుగు డి4లో ఉచ్చు పన్నుతుంది. బంటును మంత్రిని చేస్తే, ఏనుగు సి4లో తనను తానే బలి ఇచ్చుకుంటుంది. మంత్రి దాన్ని కొడితే నల్ల రాజుకు కదిలే గడి ఉండదు. ఆట సమం.

మా తాతగారి నాటు ఆటలో బంటు ఏ వరస చివర చేరితే ఆ గడి బలమే అయ్యేది. ఆ లెక్కన ఇక్కడ శకటు వస్తుంది, దానితో గెలుపు రాదు.

అప్పట్లో గ్లాస్గోలో ఉంటున్న సావెద్ర అనే స్పెయిన్ మతగురువు బంటును ఏనుగును చేయమన్నారు. ఏ8లో మాటు తప్పించుకోవాలంటే నల్ల ఏనుగు ఏ4కి పోవాలి. వెంటనే తెల్ల రాజు బి3కి వస్తాడు: ఇటు ఏనుగుకు ముప్పు, అటు సి1లో మాటు. సావెద్ర పెద్ద పేరున్న ఆటగాడేమీ కాదు. అయినా బార్బియర్ తన తీర్పు తప్పని తేల్చిన ఆ జవాబును ఆయన పేరుతోనే అచ్చు వేశారు. ఆ పటం నేటికీ సావెద్ర పేరు మీదే ఉంది.

మా తరగతిలో మూడో రోజున నా పక్క బెంచీ మిత్రుడు "ఏనుగురా" అని నా చెవిలో అన్నాడు. నేను చెయ్యెత్తి చెప్పేశాను. మాస్టారు నా వీపు తట్టారు. వాడు తల వంచుకుని పుస్తకం తిప్పుతూ కూర్చున్నాడు, అప్పుడూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు. మాస్టారు ఉండగా నిజం చెప్పలేకపోయాను. ఈ సంచిక వాడికీ పోస్టులో వెళుతుందని కార్యదర్శిగారు చెప్పారు.