మన పాత ఫోటోలు – ఏఐ కదలికలు

చిలుకూరు, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల తండాల్లో ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది. గోడకు వేలాడే తాత ఫోటోను ఏఐకి ఇస్తే కళ్లార్పి నవ్వే చిన్న వీడియో వస్తోంది. చూసి మనం సంతోషిస్తున్నాం. అయితే గోర్ బోలికి సొంత లిపి లేదు. మన చరిత్ర భాట్‌ల, ఢాడీల పాటల్లో, పెద్దల నోట నిలిచింది. కాబట్టి ఈ బొమ్మల్లో ఏది ఆధారం, ఏది ఊహ అన్నది మనమే తేల్చుకోవాలి.

సంత్ సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న జన్మించారని మనం జయంతి జరుపుకుంటున్నాం. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో, అంటే సరిగ్గా నూరేళ్ల తర్వాత. అందుకే మనం పూజించే రూపం చిత్రకారులు భక్తితో గీసినదే. దానిని ఏఐతో కదిలించినా అది భక్తి చిత్రమే అవుతుంది, చారిత్రక దృశ్యం కాదు.

ఫోటో వచ్చాక కూడా కెమెరా చాలాకాలం మన చేతిలో లేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1868–75 మధ్య ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు వేసి, కులాలను, తెగలను నమూనాల్లా చూపింది. 1940ల్లో హైదరాబాద్ రాజ్యంలో హైమెన్‌డార్ఫ్ చెంచులను, గోండులను ఫోటోలు తీశారు. అవి నేటికీ పనికొస్తున్నాయంటే, ఆ ఫోటోల వెంట ఆయన రాసిన పుస్తకాలు, వివరాలు కూడా ఉండటమే కారణం.

ఇక ఏఐ సంగతి. 2021 ఫిబ్రవరిలో మైహెరిటేజ్ సంస్థ ‘డీప్ నోస్టాల్జియా’ తెచ్చింది. ముందే చిత్రీకరించిన వేరే మనుషుల తల కదలికలను అది పాత ముఖాలకు అతికించేది. అంటే తాత ముఖం మనదే, తల ఊపు పరాయిది. దుర్వినియోగం కాకూడదని వాళ్లు అందులో మాట పెట్టలేదు. 2025 జూలైలో గూగుల్ జెమినైలో వియో 3 సాయంతో ఒక్క ఫోటో నుంచి శబ్దంతో సహా 8 సెకన్ల క్లిప్ తీసే వీలు చందాదారులకు వచ్చింది. ఎన్నో వీడియోలు చూసి నేర్చుకున్న పద్ధతిలో యంత్రం తర్వాతి కదలికను అంచనా వేస్తుంది. ఫోటోలో లేనిదంతా దాని ఊహే. ఫేటియా, కాంచళి, టుక్రి ధరించిన అవ్వ ఎలా నడిచేదో, తీజ్ బుట్టల చుట్టూ ఎలా ఆడేదో దానికి తెలియదు. సినిమా డ్యాన్స్ చేయించినా చేయిస్తుంది. పెళ్లిలో ఆమె పాడిన ఢావ్లో గొంతు ఏ ఫోటోలోనూ లేదు.

రేపటి పిల్లలు ఆ క్లిప్ చూసి మన ఆట ఇదేననుకుంటే నష్టం మనదే. అందుకని కొన్ని పనులు చేద్దాం. అసలు ఫోటోను ముందూ వెనుకా స్కాన్ చేసి విడిగా దాచాలి. ఎవరు, ఏ తండా, సుమారు ఏ సంవత్సరం అన్నది రాయాలి. ఆ మనిషిని ఎరిగిన పెద్దల మాటను గోర్ బోలిలోనే రికార్డు చేయాలి. క్లిప్ చేయాలంటే ఇంటివారి అనుమతి తీసుకోవాలి, ‘ఏఐతో కదిలించినది’ అని దాని మీదే రాయాలి. గూగుల్ తన క్లిప్‌లలో కంటికి కనిపించని గుర్తు పెడుతోంది గానీ, తండాలో చూసేవారికి కనిపించే గుర్తే కావాలి. చనిపోయిన వారి నోట అనని మాట పలికించవద్దు.

ఏఐ క్లిప్‌ను మళ్లీ ఎప్పుడైనా చేసుకోవచ్చు. పెద్దల జ్ఞాపకం మాత్రం వారితోనే పోతుంది. ముందు వారి దగ్గర కూర్చుందాం.

జై సేవాలాల్!