శ్రీశైలం ప్రాజెక్టులో సెలవు: మస్టరు నుంచి సర్వీసు పుస్తకం దాకా

శ్రీశైలం ప్రాజెక్టు చరిత్రను కట్ట ఎత్తుతో, గేట్ల సంఖ్యతో, మెగావాట్లతో చెప్పడం పరిపాటి. 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి నుంచి, 1980లలో కుడిగట్టు విద్యుత్ కేంద్రంలోని ఏడు యూనిట్లు ఒక్కొక్కటిగా తిరగడం మొదలై 770 మెగావాట్ల సామర్థ్యం సమకూరే దాకా, అక్కడ పనిచేసినవారు ఏ హక్కుతో సెలవు పెట్టుకున్నారు, తిరిగి వచ్చాక వారి పని వారికి ఉండేదా అన్న ప్రశ్న మాత్రం అరుదుగానే వినబడుతుంది. పనివాడికి సెలవు విలువ దాని రోజుల లెక్కలో కంటే, తిరిగి వచ్చి చేరే చోటు మిగిలి ఉండటంలోనే ఎక్కువ.

ఆ చోటు అందరికీ ఒకేలా లేదు. ప్రభుత్వ నిర్మాణ పనుల్లో అందరికంటే కిందనున్నవారు ఎన్.ఎం.ఆర్. కూలీలు, అంటే నామినల్ మస్టర్ రోల్ అనే హాజరు పట్టీలో పేరు రాయించుకుని, వచ్చిన రోజులకు మాత్రమే కూలి పొందేవారు. వారిపైన వర్క్‌చార్జ్‌డ్ సిబ్బంది ఉండేవారు. వీరి జీతం ఆ పని అంచనాల్లోనే ఖర్చుగా పడేది గనుక పని ముగిస్తే కొలువూ ముగిసేది. సర్వీసు పుస్తకం, సెలవు ఖాతా గల రెగ్యులర్ ఉద్యోగులు మూడో వర్గం. మస్టరులో పేరున్న మనిషికి జ్వరం వచ్చినా, ఊళ్ళో చావు జరిగినా, తొలకరి పడి చేను విత్తుకోవలసి వచ్చినా, ఆ గడిలో పడేది గైరుహాజరు గుర్తే. దాన్ని సెలవు అనడానికి వీలులేదు, నాగా అనాలి. నాగాకు కూలి లేకపోవడం ఒక నష్టమైతే, మరుసటి పట్టీలో పేరుంటుందో లేదో తెలియకపోవడం అంతకంటే పెద్ద నష్టం. వర్షాధారపు సేద్యాన్నే నమ్ముకున్న కర్నూలు, కడప పల్లెల కూలీకి విత్తనాల అదను తప్పితే ఏడాది తిండి పోతుంది.

చట్టమూ ఈ తేడాను పాటించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన వార్షిక సెలవు ఇచ్చింది. విద్యుదుత్పత్తి ఆ చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ పనే, కట్ట కట్టడం కాదు. టర్బైను దగ్గర నిలబడేవాడికి వర్తించిన నిబంధన, ఆ టర్బైనుకు నీరు నిలిపిన గోడను కట్టినవాడికి వర్తించలేదన్నమాట. రెగ్యులర్ ఉద్యోగుల సెలవుకు ఆధారమైన ఫండమెంటల్ రూల్స్ (1922) కూడా సెలవును హక్కుగా కోరరాదనే చెబుతాయి. ఆర్జించిన సెలవు ఖాతాలో ఎంత ఉన్నా మంజూరు అధికారి చేతిలోదే.

కార్మిక సంఘాల పాత్ర ఇక్కడే కనబడుతుంది. విద్యుత్ బోర్డు ఉద్యోగుల్లో రిజిస్ట్రేషన్ నంబర్లతోనే పిలవబడే 1104, 327 వంటి యూనియన్లు జీతాలతోపాటు సర్వీసు నిబంధనల మీద కూడా యాజమాన్యంతో బేరమాడాయి. సంఘం లేనిచోట సెలవు మేస్త్రీ దయ. ఉన్నచోట, నిరాకరణకు కారణం అడిగేవాడొకడు ఉంటాడు. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద రూపొందిన నమూనా నిబంధనలు, సెలవు గడువు దాటినవాడు ఎనిమిది రోజుల్లో వచ్చి సంజాయిషీ ఇవ్వకపోతే లియన్, అనగా తన పదవిపై తనకున్న హక్కు, పోతుందన్నాయి. అయితే పేరు కొట్టివేయడం కూడా రిట్రెంచ్‌మెంటే, అంటే నోటీసు, పరిహారం చెల్లించి చేయవలసిన తొలగింపేనని 1982లో దక్షిణ రైల్వే క్యాజువల్ కార్మికుడి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. విచారణ లేకుండా అలా తీసేయకూడదని 1993లో డి.కె. యాదవ్ కేసులో చెప్పింది. అంతకుముందే 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, మంజూరైన సెలవునూ, చట్టవిరుద్ధం కాని సమ్మెనూ నిరంతర సర్వీసులో కలిపి లెక్కించమంది. వరుసగా ఏళ్ళు చూపలేక నష్టపోయే కూలీకి ఈ లెక్క జీతం కంటే ముఖ్యం.

ఈ సర్వీసు రక్షణ నిర్మాణ కూలీకి చేరడానికి చాలా కాలం పట్టింది. రాష్ట్రంలో దినకూలీ, ఎన్.ఎం.ఆర్. సిబ్బందిలో 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ళు నిండినవారిని క్రమబద్ధీకరించే 212 జీవో 1994 ఏప్రిల్‌లో వచ్చింది; అప్పటికి శ్రీశైలం కట్ట పూర్తయి పదేళ్ళు దాటింది. 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయినప్పుడు సిబ్బంది సర్వీసు షరతులు తగ్గకూడదని సంస్కరణల చట్టమే రాసింది, కానీ ఆ రక్ష రెగ్యులర్ ఉద్యోగులకే. కాంట్రాక్టు కార్మికులు పాత మస్టరు మనిషికి వారసులుగా మిగిలారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్, కనీసం పదిమంది పనిచేసే సంస్థలన్నిటికీ వర్తించేలా వార్షిక సెలవు అర్హతను 240 రోజుల నుంచి 180కి తగ్గించింది.