బీప్ వినిపిస్తే సగం బతికినట్టే

టీవీ రిపేరులో మొదట అడిగే ప్రశ్న ఒకటే: సౌండ్ వస్తోందా? బొమ్మ లేకపోయినా మాట వినిపిస్తుంటే సెట్‌లో సగం బాగున్నట్టే లెక్క. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపిన రోజుల్లో నాలాంటి మెకానిక్కుకు ఉన్న చదువు అంతే. విచిత్రంగా ఆ మెషీనుకు అది బాగానే సరిపోయింది.

కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ 1981 డిసెంబరులో బజారులోకి తెచ్చిన యంత్రమది. స్విచ్ వేయగానే ‘బూ’ అని బొంగురుగా మోగి, వెంటనే సన్నగా ‘బీప్’ అంటుంది. బూ అనేది సౌండ్ చిప్ దానంతటది చేసే రొద. దాన్ని ఆపి బీప్ కొట్టించేది రోమ్‌లోని ప్రోగ్రాము. బూ ఆగకుండా మోగుతుంటే అసలు ప్రాసెసరే నడవడం లేదన్నమాట, తెరను తిట్టి లాభం లేదు. బీప్ వచ్చీ బొమ్మ రాలేదంటే, జబ్బు బొమ్మ వైపే ఉందని వెతకాలి.

తెర మీద పిచ్చిగీతలొస్తే? ఐసీలు పీకే ముందు, కనిపించకపోయినా సరే, ‘మోడ్ 4’ అని కొట్టి చూడాలి. ఆన్ చేయగానే వచ్చేది మోడ్ 7. అందులో అక్షరాలు గీసేది ఎస్ఏఏ5050 అనే టెలిటెక్స్ట్ చిప్. మిగతా మోడ్‌లకు దాని అవసరం లేదు. మోడ్ 4 శుభ్రంగా వస్తే దొంగ దొరికినట్టే. అప్పుడైనా కొత్త చిప్ కోసం పరుగెత్తక్కర్లేదు. ముందు దాన్ని సాకెట్‌లోంచి తీసి, నల్లబడ్డ కాళ్లు తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కి చూడాలి.

నాకు మహా ఇష్టమైనది మెమరీ జబ్బు. 32 కె మెమరీని 16 చిప్‌లు పంచుకుంటాయి, ఒక్కోటి ఒక్కో బిట్‌ను మోస్తుంది. మోడ్ 7 తెర ఉండేది పై సగంలో. అక్కడ చివరి బిట్ మోసే చిప్ ఎప్పుడూ ‘1’ అనే చెబుతుంటే, సరిసంఖ్య కోడున్న ప్రతి అక్షరం పక్క అక్షరంగా మారిపోతుంది. ‘బీబీసీ’ కాస్తా ‘సీసీసీ’ అవుతుంది, ‘32కె’ చోట ‘33కె’ కనిపిస్తుంది, ఖాళీ ఉండాల్సిన ప్రతిచోటా ఆశ్చర్యార్థకం మొలుస్తుంది. చిన్న ప్రోగ్రాము మాత్రం కింది సగంలో హాయిగా నడుస్తూనే ఉంటుంది. పదహారులో ఏ చిప్ పోయిందో తెరే రాసి చూపిస్తుంటే ఇక మీటరెందుకు?

రంగు పోయిందని తెచ్చేవాళ్లూ ఉండేవారు. వీడియో సాకెట్‌కు కంపెనీవాళ్లు ఇచ్చిందే నలుపు తెలుపు సిగ్నల్. బోర్డు మీద ఎస్39 లింకు కలిపితే రంగొచ్చేస్తుంది. అది జబ్బే కాదు.

పరీక్షించకుండా ఏదీ మార్చకూడదన్న నా పట్టుదలకు మినహాయింపు ఒక్కటే: పవర్ సప్లైలో కరెంటు వచ్చే చోట ఉండే కాగితపు కెపాసిటర్లు. పైతొడుగు పగిలి, తేమ లాగి, ఏళ్ల తర్వాత స్విచ్ వేస్తే పొగ చిమ్ముతూ పేలతాయి. అటక మీంచి దించిన మెషీనుకు ప్లగ్ పెట్టకముందే వాటిని మార్చేస్తాను.