కుట్లు తెగుతాయన్న భయం, మంచం మీద సాధన

పెద్ద ఆపరేషన్ అయిన మనిషిని కదలనివ్వకపోవడమే సేవ అని మన ఇళ్లలో చాలామంది నమ్మకం. దగ్గితే కుట్లు తెగుతాయని, పక్కకు తిరిగితే లోపల ఏదో జారుతుందని పక్కన కూర్చున్నవాళ్లే భయపెడతారు. రోగి ఊపిరి కూడా బిగబట్టి పడుకుంటాడు. నిజానికి ఆ కదలని పడకే చాలా ఇబ్బందులకు మూలం.

కడుపు పైభాగాన కోత పడితే మొదటి ఒకటి రెండు రోజులు ఊపిరితిత్తుల సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుంది. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీయడంతో అడుగున ఉన్న గాలి గదులు ముడుచుకుంటాయి, కఫం పేరుకుంటుంది. అది న్యుమోనియాకు దారి తీయవచ్చు. కాళ్లు కదపకపోతే పిక్కల సిరల్లో రక్తం నిలిచి గడ్డకట్టే ముప్పు ఉంటుంది. ఇక ఆందోళన సరేసరి. భయపడితే పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, బిగిస్తే నొప్పి, నొప్పితో మళ్లీ భయం.

ఈ వలయాన్ని తెంచే పద్ధతులు కొత్తవేమీ కావు. పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో కిరుమాంబాక్కం ఉంది. ఆరుపడై వీడు వైద్య కళాశాల ఉన్నది ఇక్కడే. దాన్ని ఆనుకున్న పిళ్లైయార్‌కుప్పంలో మహాత్మాగాంధీ వైద్య కళాశాల ఉంది. ఆ కళాశాలలో 2010 నుంచి యోగ చికిత్సా కేంద్రం నడుస్తోంది. దాన్ని తీర్చిదిద్దిన డాక్టర్ ఆనంద బాలయోగి భవనాని తండ్రి స్వామి గీతానంద గిరి. ఆయన 1968లో పుదుచ్చేరిలో ఆనంద ఆశ్రమం స్థాపించారు.

ఆ సంప్రదాయంలో పడుకుని చేసే సాధనలు చాలా ఉన్నాయి. విభాగ ప్రాణాయామంలో ఊపిరిని ముందు పొట్ట దగ్గరికి, తర్వాత ఛాతీకి, చివరగా భుజాల దగ్గరికి విడివిడిగా పంపడం నేర్పుతారు. స్పంద నిష్పంద క్రియలో శవాసనంలో ఉండి ఒక్కో అవయవాన్ని బిగించి వదులుతారు. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో రూపొందించిన కండరాల సడలింపు పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. పేర్లు ఏవైనా కండరానికి తెలిసేది బిగింపు, వదులు మాత్రమే.

అసలు తేడా తెచ్చేది ఏ పద్ధతి అన్నది కాదు, ఎప్పుడు నేర్పారన్నది. 1964లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 97 మంది పొట్ట ఆపరేషన్ రోగులపై ఒక పరిశీలన జరిగింది. కొందరి దగ్గరికి మత్తు డాక్టరు ముందుగానే వెళ్లి నొప్పి ఎక్కడ వస్తుందో, ఎన్నాళ్లుంటుందో చెప్పారు. పొట్టను ఎలా వదులు చేయాలో, లోతుగా ఊపిరి ఎలా తీయాలో, పక్కకు ఎలా తిరగాలో చూపించారు. వాళ్లకు మార్ఫిన్ వంటి మందుల అవసరం సగానికి తగ్గింది. ఇళ్లకు కూడా సగటున 2.7 రోజులు ముందే వెళ్లారు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఫిజియోథెరపిస్ట్ ఆపరేషన్‌కు ముందు ఒక్క అరగంట శ్వాస వ్యాయామాలు నేర్పారు. కేవలం చిన్న పుస్తకం అందుకున్నవారిలో 27 శాతం మందికి ఊపిరితిత్తుల సమస్యలు వస్తే, ఆ అరగంట దక్కినవారిలో 12 శాతానికే వచ్చాయి. ఇంత చవకైన మందు మరొకటి కనబడదు. అయినా మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల సంతకాల కాగితాలకు దొరికే సమయం దీనికి దొరకదు.

మెలకువ వచ్చాక చేయవలసింది సులువే. తల వైపు మంచం కాస్త ఎత్తి, పొట్ట మీద చేయి ఉంచి, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి ఇంకా నెమ్మదిగా వదలాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు ఐదు నుంచి పది సార్లు సరిపోతుంది. తల తిరిగితే ఆపాలి. దగ్గు వస్తే ఆపుకోకూడదు. కోత మీద దిండును రెండు చేతులా అదిమిపట్టి దగ్గితే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది. మడమలు ఆనించి పాదాలను ముందుకూ వెనక్కీ ఆడించాలి, మోకాలు ఒక్కొక్కటిగా మడిచి చాచాలి. లేవాలంటే తిన్నగా పైకి లేవకూడదు. మోకాళ్లు మడిచి, భుజాలు నడుము ఒకేసారి పక్కకు దొర్లి, మోచేతి మీద బరువు మోపి లేవాలి.

యోగా అలవాటున్నవారు ఒకటి గమనించాలి. ఊపిరి బిగబట్టే కుంభకం ఈ రోజుల్లో వద్దు, అది రక్తపోటును పెంచుతుంది. బిగించి వదిలే సాధనలోనూ కోత ఉన్న భాగాన్ని వదిలేయాలి. గుండె, వెన్నెముక, తుంటి ఆపరేషన్లకు వేరే నిబంధనలుంటాయి. అక్కడ సర్జన్ చెప్పిందే వేదం. నొప్పి మందు మానేసి సాధనతో సరిపెట్టుకోవడమూ తప్పే. మందు పడిన అరగంటకు చేస్తే ఊపిరి లోతుగా దిగుతుంది.

భాష సంగతి ఎవరూ పట్టించుకోరు. యానాం నుంచో, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచో పుదుచ్చేరి ఆసుపత్రులకు వెళ్లే తెలుగువారికి తమిళంలో చెప్పిన సూచన సగమే అందుతుంది. ఆపరేషన్ రేపనగా తోడున్నవారు నర్సు ముందే రోగి చేత ఒకసారి చేయించి చూస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఒక పిక్క వాచి నొప్పిగా, వేడిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, గాయం నుంచి రక్తమో చీమో కారినా వ్యాయామం ఆపి వెంటనే నర్సును పిలవాలి. ఆ కాలికి మర్దన చేయకూడదు.