అట్ట పోయిన పుస్తకాలు

2014లో అమెరికాలో ఒక కామిక్ పుస్తకం 32 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక అది. సూపర్‌మాన్ తొలిసారి కనిపించింది అందులోనే. అచ్చయిన రోజున దాని వెల పది సెంట్లు. అంత ధర రావడానికి సూపర్‌మాన్ ఒక్కడే కారణం కాదు, ఆ ప్రతికి పదికి తొమ్మిది మార్కులొచ్చాయి. అక్కడ పాత కామిక్సుకి మార్కులు వేయడానికే సంస్థలున్నాయి. మూలలు మడత పడ్డాయా, పిన్నులు తుప్పు పట్టాయా, కాగితం ఎంత తెల్లగా మిగిలింది, ఎవరైనా దాని మీద పేరు రాసుకున్నారా, ఇవన్నీ చూసి ఒక అంకె వేస్తారు. తర్వాత ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసేస్తారు. ఇక దాన్ని ఎవరూ తెరవరు, చదవరు.

ఆ లెక్కన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళల్లో ఇన్నేళ్ళుగా నేను పోగేసుకున్న చందమామలకీ డిటెక్టివ్ నవలలకీ ఒక మార్కు వేస్తే ఎక్కువ. చాలావాటికి అట్టల్లేవు. ఉన్నవాటికి పురికొసతో కుట్టిన దళసరి అట్ట వేరే ఉంటుంది. లోపల రబ్బరు స్టాంపులు, ఇంకు మరకలు, చెదలు తిన్న అంచులు, పిల్లలు మీసాలు పెట్టిన రాజకుమార్తెలు. మొదట్లో నేను కూడా శుభ్రమైన ప్రతుల కోసమే తిరిగాను, అందరిలాగే. తిరిగేకొద్దీ ఒక సంగతి తెలిసొచ్చింది. ఈ మూడూళ్ళల్లో ఎవరు ఏం చదివారన్న చరిత్ర ఎక్కడైనా మిగిలి ఉందంటే, అది ఆ మరకల్లోనే ఉంది.

అమెరికాలో ‘పల్ప్’ అన్న పేరు కాగితాన్ని బట్టి వచ్చింది. 1896 నాటికి ఆర్గసీ పత్రిక చవకరకం చెక్కగుజ్జు కాగితం మీద అచ్చవుతోంది. చెక్కలో ఉండే లిగ్నిన్‌ని తీసేయకుండా చేసిన కాగితం కాబట్టి ఎండా గాలీ తగిలితే పసుపెక్కుతుంది, ఆమ్లం పుట్టి పెళుసెక్కుతుంది. అంటే ఆ పత్రికలు పుట్టడమే చావుని వెంటబెట్టుకుని పుట్టాయి. దానికి రెండో ప్రపంచయుద్ధం తోడైంది. యుద్ధ అవసరాలకని పాత కాగితం సేకరించే ఉద్యమంలో పిల్లలే తమ కామిక్సుని మోసుకెళ్ళి ఇచ్చేశారు. మిగిలినవి కొద్ది కాబట్టే ఆ ధరలు.

మన పుస్తకాలు పోయిన తీరు వేరు. ఒకరి తర్వాత ఒకరు చదివీ చదివీ అరగదీశారు. తర్వాత తూకానికి వేశారు. అంగట్లో అవి వేరుశెనక్కాయల పొట్లాలయ్యాయి. మదనపల్లెలో పాత పేపర్లు కొనే ఒకాయన నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తే: “ఇవి చదివేదానికా సార్, చూసేదానికా?” రెండూ కాదు, దాచేదానికి అని చెప్పడానికి నాకు మొహమాటమేసింది. ఆయన దృష్టిలో పుస్తకానికి ఉన్న పనులు రెండే.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. బి. నాగిరెడ్డి, చక్రపాణి దాన్ని తెలుగులోనూ, ‘అంబులిమామ’ పేరుతో తమిళంలోనూ ఒకేసారి తెచ్చారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాని వెనక ఉన్నది కొడవటిగంటి కుటుంబరావు. బొమ్మల వైపు చిత్రా, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్. ఇప్పుడు పాత పుస్తకాల సంతలో చందమామకి ధర పలుకుతోందంటే సగం ఈ బొమ్మల వల్లే. కానీ ఇళ్ళల్లో దొరికే చందమామలు విడి సంచికలుగా ఉండటం అరుదు. ఏడాదికి పన్నెండూ కలిపి బైండు చేయించేవాళ్ళు. బైండరు ముందు చేసే పని ముఖచిత్రాలు పీకేయడం, తర్వాత మూడు వైపులా అంచులు కోసేయడం. వడ్డాది పాపయ్య వేసిన అట్టలు అలా ఎన్ని పోయాయో! సేకరించేవాళ్ళు బైండు చూడగానే ముఖం తిప్పుకుంటారు. నాకూ బాధే. కానీ ఆ బైండు లేకపోతే లోపలి కాగితాలు కూడా పొట్లాలకే పోయేవి. వారపత్రికల సీరియళ్ళదీ అదే కథ. వారం వారం పేజీలు చించి, వరుసగా పేర్చి, సూదీ దారంతో కుట్టి దాచుకున్న ఇల్లాళ్ళు మన మొదటి ఆర్కైవిస్టులు. పుస్తకంగా రాని సీరియల్‌కి కొన్నిసార్లు ఆ కుట్టుపుస్తకమే మిగిలిన ఏకైక రూపం.

సేకరించేవాళ్ళ పిచ్చి వల్ల సాహిత్య చరిత్రకి ఏం ఒరిగింది అని అడిగేవాళ్ళకి నేను చెప్పే పేరు ఒకటుంది: దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో వచ్చిన ‘తోకచుక్క’ మొదలుకుని ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ దాకా తరాల పిల్లల్ని నెలంతా ఎదురుచూసేట్టు చేసిన సీరియళ్ళు ఆయనవి. ఆయన పేరు మాత్రం వాటి మీద ఉండేది కాదు. దశాబ్దాల పాటు ఆ రచయిత ‘చందమామ’ అనే పత్రికే. పెద్దవాళ్ళైన ఆ పిల్లలు పాత సంచికలు వెతికి పోగేసుకుంటూ, ఇవి ఎవరు రాశారని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టాక ఆయన పేరు పాఠకులందరి నోటా వినబడింది. 2010లో ఆయన పోయారు. 2013 నాటికి చందమామ కూడా ఆగిపోయింది. పాత సంచికలు జనం ఇళ్ళల్లో లేకపోతే ఆ ప్రశ్న అడగడానికి ఆధారమే ఉండేది కాదు.

చందమామకి ఆ అదృష్టం పట్టింది. పుంగనూరు ఆవుని చూస్తే నాకు చందమామే గుర్తొస్తుంది. మూడడుగుల పొట్టి ఆవు, ఒకప్పుడు ఆ ప్రాంతంలో ఇంటి పశువు. దాదాపు అంతరించిపోయే దశకి వచ్చాక పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుకున్నారు. ఇప్పుడది హోదాకి గుర్తు, ధర లక్షల్లో మాట. మంచిదే. మరి దాని పక్కనే మేసిన, పేరు లేని మిగతా ఊరి పశువుల మాటేమిటి? పాత పుస్తకాల్లో ఆ పేరు లేని పశువులు డిటెక్టివ్ నవలలు.

1950ల నుంచి 80ల దాకా తెలుగులో ఎక్కువ చేతులు మారిన పుస్తకాల్లో అవీ ఉన్నాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, టెంపోరావు, విశ్వప్రసాద్, తర్వాతి తరంలో మధుబాబు షాడో. ‘త్వమేవాహం’, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. మొదట మద్రాసు, తర్వాత విజయవాడ వీటికి పుట్టినిల్లు. జేబులో పట్టే సైజు, రంగురంగుల అట్ట, చవక కాగితం. చాలావాటిలో ప్రచురణ సంవత్సరం కూడా ఉండదు. ఆ నెల అమ్ముడుపోతే చాలు, ఫలానా ఏట అచ్చయిందని ఎవరు అడుగుతారు అన్న ధీమా.

అడిగే రోజు వచ్చింది. సంవత్సరం లేని నవల ఎప్పటిదో తెలుసుకోవడం ఎలా? ఇక్కడే మరకలు పనికొస్తాయి. చదువరుల్లో చాలామంది ఈ నవలలు కొనలేదు, అద్దెకు తెచ్చుకున్నారు. అద్దె పుస్తకాల షాపువాడు కొత్త నవల రాగానే అట్టకి అట్ట వేసి, నంబరు రాసి, మొదటి పేజీలో, మధ్యలో ఒకచోట, చివర్లో స్టాంపు వేసేవాడు. కొందరు కొన్న తేదీ కూడా వేసేవాళ్ళు. ఆ స్టాంపులో షాపు పేరు, వీధి పేరు, ఊరి పేరు. చించినా పోగొట్టినా పూర్తి వెల ఇచ్చుకోవాలన్న హెచ్చరిక. మదనపల్లెలో నాకు దొరికిన నవలల్లో ఒకే పుస్తకం మీద రెండు ఊళ్ళ స్టాంపులున్నవి ఉన్నాయి. ఒక షాపు మూతపడితే దాని సరుకు ఇంకో ఊరి షాపుకి చేరేదన్నమాట. పుంగనూరుకి రైలు లేదు. అక్కడికి పుస్తకమైనా బస్సు మీదే రావాలి, పాతదైనా కొత్తదైనా.

ఇక చదువరుల రాతలు. హంతకుడి పేరు మొదటి పేజీలోనే రాసిపెట్టే మహానుభావుడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. చివరి పేజీ చింపుకుపోయేవాడు ఇంకొకడు. “బాగుంది”, “పాతదే పేరు మార్చినాడు”, “చదవద్దండి” అని పెన్సిలుతో రాసిన మాటలు ఈ నవలలకి వచ్చిన విమర్శ. ఏ పత్రికా వీటిని సమీక్షకు తీసుకోని కాలంలో ఈ మూడు నాలుగు మాటలే వాటి సమీక్షలు. పదికి తొమ్మిది మార్కులొచ్చే ప్రతిలో ఇవేవీ ఉండవు.

మదనపల్లెకి కాగితాన్ని గౌరవించడం తెలియక కాదు. 1919లో టాగోర్ ఇక్కడి థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు జనగణమనకి ఇంగ్లీషు అనువాదం చేశాడు. ఆ ఒక్క కాగితం గురించి ఊరు నూరేళ్ళుగా చెప్పుకుంటోంది, చెప్పుకోవాలి కూడా. కాకపోతే అదే ఊళ్ళో రోజుకింత అని అద్దె కట్టి రాత్రంతా యుగంధర్‌ని చదివిన వాళ్ళ సంఖ్య తక్కువేం కాదు. వాళ్ళ కాగితం గురించి చెప్పేవాళ్ళు లేరు.

కుప్పం వచ్చేసరికి సంగతి ఇంకో మలుపు తిరుగుతుంది. మద్రాసు–బెంగళూరు రైలుదారి మీద, తమిళనాడూ కర్ణాటకా రెండూ కూతవేటు దూరంలో ఉన్న ఊరు. ఇక్కడ పాత పుస్తకాల కట్ట విప్పితే తెలుగు చందమామ కింద తమిళ అంబులిమామ, దాని కింద కన్నడ చందమామ. బొమ్మలు మూడింట్లోనూ అవే. విక్రమార్కుడి భుజం మీద అదే శవం. లిపి మాత్రం మారుతుంది. అదే కట్టలో తమిళ ముత్తు కామిక్స్ కూడా తగులుతాయి. 1972లో ‘ఇరుంబుక్కై మాయావి’తో మొదలైన సంస్థ అది. ఆ ఇనుపచెయ్యి మాయావి బ్రిటిష్ కామిక్ నుంచి శివకాశి మీదుగా వచ్చినవాడు. తెలుగులో బొమ్మల కథ ఎక్కువగా పత్రికల పేజీల్లో, బుజ్జాయిలాంటి వాళ్ళ చేతుల్లో పెరిగింది. కుప్పం పిల్లవాడికి ఈ తేడాలతో పనిలేదు. లిపి రాకపోయినా బొమ్మ వచ్చు. తెలుగు పాఠకుడు తెలుగు మాత్రమే చదివాడని మనం రాసుకునే సాహిత్య చరిత్ర ఈ కట్ట ముందు నిలవదు.

తమిళంలో రోజా ముత్తయ్య అనే ఆయన కోట్టైయూరులో తన ఇంటి నిండా పుస్తకాలూ పత్రికలూ నింపుకున్నాడు, మంచివీ చెత్తవీ అని వేరు చేయకుండా. 1992లో ఆయన పోయాక షికాగో విశ్వవిద్యాలయం పూనుకోవడంతో ఆ సేకరణ చెన్నైలో పరిశోధన గ్రంథాలయమైంది. కుప్పంలో 1997 నుంచీ ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ద్రావిడ భాషలన్నిటినీ కలిపి చదవడానికి పెట్టిన చోటు. ఒకే బొమ్మ కింద మూడు లిపులున్న ఈ కట్టలకి అంతకన్నా తగిన ఇల్లు ఏముంటుంది?

అంతవరకూ మనం చేయగలిగింది చిన్నదే. పాతవి స్కాన్ చేసేవాళ్ళు స్టాంపున్న పేజీని వదిలేస్తున్నారు, పెన్సిలు రాతల్ని కంప్యూటర్లో చెరిపేస్తున్నారు, ప్రకటనలు తీసేస్తున్నారు. అలా చేయకండి. చందమామ ఫొటో వ్యాఖ్యల పోటీలో గెలిచినవాళ్ళ పేరూ ఊరూ ఉన్న పేజీని కథ కాదని దాటేయకండి. మీ ఇంట్లో అమ్మమ్మ కుట్టుకున్న సీరియల్ ఉంటే దారం తెంపకండి. నా జాబితాలో ఇప్పుడు పేరు, రచయిత, వెల అన్న గడుల పక్కన ఇంకో గడి గీసుకున్నాను: ఎవరి చేతుల మీదుగా వచ్చింది. అన్నిటికన్నా ముందు నిండుతున్న గడి అదే.