నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ - టూల్‌బార్ల కథ

సాఫ్టువేరు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో పండక్కి ఊరెళ్తే నాకు తప్పని డ్యూటీ ఒకటుండేది. 2006 సంక్రాంతికి తెనాలిలో బాబాయి కాఫీ గ్లాసు చేతికిచ్చి "ఒరేయ్, మా కంప్యూటరు మరీ నత్తనడక నడుస్తోంది, కాస్త చూడరా" అన్నాడు. బ్రౌజరు తెరిస్తే పైన వరసగా నాలుగు టూల్‌బార్లు, అసలు పేజీకి మిగిలింది సగం తెర. హోమ్ పేజీ ఆయన పెట్టుకున్నది కాదు. ఏమీ నొక్కకుండానే పాపప్‌లు పుట్టుకొస్తున్నాయి. నెలకి ఇన్ని ఎంబీలని లెక్కగట్టిన బ్రాడ్‌బ్యాండు, దాని బిల్లు కూడా పెరిగిపోతోందట.

"ఇవన్నీ ఎందుకు వేసుకున్నారు బాబాయ్?" అంటే "నేనేం వేసుకోలేదురా" అన్నాడు. నేను నమ్మలేదు. పైగా, చదవకుండా ఓకే కొట్టేస్తే ఇలాగే ఉంటుందని ఓ క్లాసు పీకాను. ఈ మధ్య ఆ టూల్‌బార్ల చరిత్ర తీరిగ్గా తిరగేస్తే అర్థమైందేంటంటే, ఆ రోజు బాబాయి చెప్పిందే నిజం.

మొదట్నుంచీ వద్దాం. 1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో మైక్రోసాఫ్ట్ 'బ్రౌజర్ హెల్పర్ ఆబ్జెక్ట్' అనే సదుపాయం ఇచ్చింది. బయటివాళ్ళు రాసిన ఒక డీఎల్ఎల్‌ని రిజిస్ట్రీలో నమోదు చేస్తే చాలు, బ్రౌజరు లేచినప్పుడల్లా దాన్నీ తనతోపాటు లేపుతుంది. మనం చూసే పేజీ, నింపే ఫారం అన్నీ దాని కళ్ళముందే. ఉద్దేశం మంచిదే, పీడీఎఫ్‌ని బ్రౌజర్లోనే చూపించడం లాంటి పనులకి బాగా అక్కరకొచ్చింది. కానీ ఇలాంటివి ఏమేం వచ్చి చేరాయో యూజరుకి చూపించే మెనూ ఒక్కటీ లేదు. దీనికి తోడు ఎక్స్‌పీ వచ్చాక ఇళ్ళల్లో వాడేవాళ్ళంతా దాదాపు అడ్మినిస్ట్రేటర్లే. అంటే ఇంటికి తలుపుంది గానీ గడియ లేదన్నమాట.

ఆ తలుపులోంచి వ్యాపారం వచ్చింది. ఉచితంగా సాఫ్టువేరు ఇచ్చేవాళ్ళకీ డబ్బు కావాలి కదా! ఇన్‌స్టాలర్లో పక్కవాడి ప్రోగ్రాముని కూడా దూర్చి పంపితే, అది ఎక్కిన ప్రతి కంప్యూటరుకీ ఇంత అని ముట్టేది. 1998లో మొదలైన గేటర్ అనే కంపెనీ పాస్‌వర్డులు గుర్తుపెట్టుకునే ప్రోగ్రాముని ఊరికే ఇచ్చి, మనం ఏ సైట్లు చూస్తున్నామో గమనించి దానికి తగ్గ పాపప్‌లు చూపించేది. పాటల కోసం కజా దించుకున్నవాళ్ళ వెంట అదీ వచ్చేది.

2000లో స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామరు తన మెషీన్లోనే ఇలాంటిదొకటి దొరికితే దాన్ని పీకడానికి 'ఆప్ట్‌ఔట్' రాశాడు. అప్పటికే యాడ్-అవేర్ ఉంది. అదే ఏడు ప్యాట్రిక్ కొల్లా స్పైబాట్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత మెరైన్ బెలెకామ్ రాసిన హైజాక్‌దిస్ మనలాంటివాళ్ళకి బ్రహ్మాస్త్రం. అది ఏది మంచో ఏది చెడో చెప్పదు, ఉన్నదున్నట్టు జాబితా ఇస్తుంది. ఓ2 అంటే హెల్పర్ ఆబ్జెక్టులు, ఓ3 అంటే టూల్‌బార్లు, ఓ4 అంటే బూటవగానే లేచేవి. తీర్పు మనదే. బాబాయి కంప్యూటర్లో ఆ జాబితా రెండు తెరల పొడవుంది. సేఫ్ మోడ్‌లోకెళ్ళి ఒక్కోటీ టిక్కు పెట్టి పీకేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది.

పీకడం కష్టమే గానీ, అసలు గొడవ దానికి ఏం పేరు పెట్టాలన్న దగ్గర వచ్చింది. తమని స్పైవేర్ అన్నారని గేటర్ 2003లో పీసీ పిట్‌స్టాప్ అనే సైటు మీద దావా వేసింది. రాజీ కుదిరి ఆ పేజీలు తీసేశారు. అదే అక్టోబరులో గేటర్ పేరు మార్చుకుని క్లారియా అయింది. ఇలాంటి కంపెనీలన్నిటిదీ ఒకటే వాదన: "యూజరు ఒప్పుకున్నాకే వేశాం, ఐ అగ్రీ నొక్కాడు చూడండి". వైరస్‌కీ వీటికీ ఉన్న తేడా అంతా ఆ ఒక్క నొక్కులోనే ఉంది. అందుకే యాంటీవైరస్ వాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవ అని 'పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ ప్రోగ్రామ్' అనే మెత్తటి పేరు వాడటం మొదలెట్టారు. అక్కర్లేనిదే కావచ్చునట!

ఆ నొక్కుని నిజంగా ఒప్పుకోలు అనొచ్చా? అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ప్రశ్న పట్టుకుంది. 2006 నవంబరులో జాంగో అనే యాడ్‌వేర్ కంపెనీ 30 లక్షల డాలర్లు కట్టడానికి దిగొచ్చింది. కమిషన్ లెక్క ప్రకారం దాని ప్రోగ్రాములు 7 కోట్ల సార్లకి పైగా జనం కంప్యూటర్లలోకి ఎక్కాయి. 2009లో వచ్చిన సియర్స్ కేసు ఇంకా ఆసక్తికరం. పది డాలర్లిచ్చి జనం చేత ఒక ప్రోగ్రాము వేయించుకుంది ఆ దుకాణాల కంపెనీ. అది బ్యాంకు పేజీలు కూడా చూస్తుందన్న సంగతి లైసెన్సు ఒప్పందంలో ఎక్కడో అడుగున రాసుంది. రాశారు కదా అంటే సరిపోదు, కనపడేలా చెప్పాలి అంది కమిషన్.

ఇంకోవైపు బ్రౌజర్లు గడియ బిగించాయి. 2004 ఆగస్టులో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో యాడ్-ఆన్‌లు చూపించే మెనూ వచ్చింది. 2011లో ఫైర్‌ఫాక్స్ 8 బయటి ప్రోగ్రాములు దూర్చిన యాడ్-ఆన్‌లని ముందు ఆపేసి, యూజర్ని అడగటం మొదలెట్టింది. 2013లో క్రోమ్ 25 విండోస్‌లో చాటుగా ఎక్కే ఎక్స్‌టెన్షన్లని ఆపేసింది. మనం పండగ పండక్కీ కూర్చుని పీకినవన్నీ ఒక ఎత్తు, డిఫాల్టు మార్చడం ఒక్కటీ ఒక ఎత్తు.

అంతటితో రోగం కుదిరిందా అంటే లేదు. మనకి అన్నం పెట్టిన జావానే చూడండి. దాని సెక్యూరిటీ అప్‌డేటుతోపాటు ఆస్క్ టూల్‌బార్ వచ్చేది, గడిలో ముందే టిక్కు పెట్టి. అది పది నిమిషాలు ఆగి, యూజరు అటు తిరిగాక ఎక్కుతోందని 2013లో బయటపడింది. కాపలా కాయాల్సిన అవాస్ట్ యాంటీవైరసే జనం చూసిన పేజీల వివరాలు అమ్ముకుందని తేలి, 2024లో 1.65 కోట్ల డాలర్ల దగ్గర తెగింది.

2019 అక్టోబరు 1న యూరప్ న్యాయస్థానం ప్లానెట్49 కేసులో ఒక్క ముక్కలో తేల్చేసింది: ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి ఒప్పుకోలు కిందకి రాదు. మన 2023 డేటా చట్టం కూడా సమ్మతి స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. అంటే "నేనేం వేసుకోలేదురా" అన్న బాబాయి మాటని ఒప్పుకోవడానికి ప్రపంచానికి చాలా ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇంతకీ ఆ టిక్కు ఎవరు పెట్టారు? ఇన్‌స్టాలరు రాసిన ఇంజనీరే కదా. 2008లో నేను పనిచేసిన ఓ ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ ఫారంలో 'మా ఆఫర్లు పంపండి' అన్న గడికి డిఫాల్టు ట్రూ పెట్టమన్నారు. ఒక్క లైను మార్పు. పెట్టాను. కోడ్ రివ్యూలో ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. పండక్కి ఇంటికెళ్ళి పీకినవాణ్ణీ నేనే, ఆఫీసుకొచ్చి పెట్టినవాణ్ణీ నేనే.

బాబాయి ఇప్పటికీ ఫోన్లో ఏ అప్‌డేటు వచ్చినా నొక్కడు. నాకు ఫోన్ చేసి "ఇది నొక్కొచ్చంటావా?" అని అడుగుతాడు. నేను మీటింగులో ఉంటే అది సెక్యూరిటీ అప్‌డేటైనా సరే అలా పడుండాల్సిందే. ఆనాటి నా క్లాసు ఫలితం! ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ముందు ఆ మాట చెప్పాలి, తప్పు మీది కాదు బాబాయ్ అని. కాఫీ ఆ తర్వాత తాగుతాను.